గుమ్మంలో అగ్గిపుల్ల

ఎంతసేపూ సినిమావాళ్ళ సంగతులే గానీ, మా అన్నయ్య గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారర్రా? నోట్లో నాలిక లేదా మీకు? గోడమీద ఫోటో చూసి "మాస్కు తాత" అని నవ్వుకుని పోతారు. ఆ ఫోన్లు అవతల పెట్టి వినండి.

గడియారాలు బాగుచేసేవాడు. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. లోకమంతా మూతికి గుడ్డ కట్టుకు తిరిగిన ఆ జబ్బు రోజుల్లో ఆయనకో పిచ్చి పట్టింది. ఎవరొచ్చినా గుమ్మంలో ఆపి, అగ్గిపుల్ల గీసి, మొహం ముందు పెట్టి, "ఊదు!" అనేవాడు. మాస్కులోంచి ఊదితే పుల్ల ఆరిందా, గుడ్డ పల్చనన్నమాట, బయటికి పో. ఆరలేదా, లోపలికి రా. ఆరకపోతే మంట ఊరుకుంటుందా? పాక్కుంటూ వచ్చి ఈయన వేళ్ళు కాల్చేది. అబ్బా అని వేళ్ళు నోట్లో పెట్టుకోబోతే తన మాస్కే అడ్డం! చెయ్యి విదిలించుకుంటూ, "శభాష్, మాస్కంటే ఇదీ!" అని సంబరపడేవాడు.

పాలవాడు ముక్కు బయటపెట్టి వచ్చాడోసారి.

"తలుపు బార్లా తీసి కిటికీకి గొళ్ళెం పెడతావేంట్రా?"

"ఊపిరాడట్లేదు బాబాయ్!"

"నాకూ ఆడాలి కదరా!"

ఇంకొకడు మాస్కు కిందికి లాక్కుని వస్తే, "ఏం నాయనా, గడ్డానికి జలుబు చేసిందా?" అన్నాడు.

పక్కకొట్టు దర్జీ వాదనకి దిగాడు. "గుడ్డ నిండా చిల్లులే కదా బాబాయ్, వైరస్సు దూరదూ?"

"అదేమన్నా కాలినడకన వస్తుందా? నీ నోటి తుంపర్లెక్కి వస్తుంది. వాన పడుతుంటే గొడుక్కి చిల్లులెన్నని చూస్తూ నిలబడతావా నువ్వు? అంతా ఆపదు, నిజమే. ఆపినంత మేలు. పోయి రెండు పొరలేసి కుట్టుకు రా."

కుట్టుకొచ్చాడు. వేళ్ళు కాలాయి. అన్నయ్య మొహం వెలిగిపోయింది.

ఆయన భార్య, మా వదిన, మాటల పుట్ట. కొట్లో మూల కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలాడకపోతే ఆవిడకి ముద్ద దిగదు. మనిషి రాని ఇంట్లో పట్టుమని పదిరోజులు బతకను అనేది. మొగుడి వాలకం చూసి ఆవిడకి బెంగ పట్టుకుంది. ఇలాగైతే ఇక ఈ గుమ్మం తొక్కేదెవరు?

"ఏమండీ, ఈ వయసులో కూడా చావంటే అంత భయమా?"

"భయమే. నేను పిరికివాణ్ణే. వీధంతా చెప్పుకో."

చెప్పుకుంది! వీధికి అదో వినోదమైపోయింది. పిరికాయన వేళ్ళు కాల్చడానికే మందపాటి మాస్కులు కట్టుకుని వచ్చారు జనం. ఆయన మాత్రం కిటికీలన్నీ తీసిపెట్టి, ఒకళ్ళు వెళ్తే గానీ ఇంకొకళ్ళని రానిచ్చేవాడు కాదు.

ఓ రోజు ఆగిపోయిన వాచీ పట్టుకుని డాక్టరుగారొచ్చారు. ఆయనకీ తప్పలేదు. ఊదారు. పుల్ల ఆరలేదు. వేళ్ళు చుర్రుమన్నాయి.

"పెద్దాయనా," అని నవ్వారు డాక్టరుగారు, "మీ ఆవిడ ఊపిరితిత్తులు బాగాలేవు, ఈ జబ్బు తగిలితే తట్టుకోలేదు, ఎవర్నీ రానివ్వకండి అన్నాను. మీరేమో ఇక్కడ తిరునాళ్ళు పెట్టారు!"

"ష్! మెల్లిగా బాబూ. మనుషుల్ని ఆపేస్తే ఏ జబ్బూ రాకుండానే పోతుందది. దానికి బాగాలేదని తెలిస్తే వచ్చేవాళ్ళు జాలిపడి జారుకుంటారు. నన్ను పిరికివాడంటే మాత్రం నాకేం అరిగిపోతుంది?"

వెనకగదిలోకెళ్ళిన వదిన గుమ్మం పరదా వెనకే నిలబడి ఉంది. అంతా వింది.

డాక్టరుగారు వెళ్ళాక బయటికొచ్చింది. ఇంక తిట్ల దండకమే అని అన్నయ్య తల వంచుకున్నాడు. ఆవిడ ఆయన బల్లమీదున్న పట్టకారు తీసింది, చిన్న చిన్న మరలు పట్టుకునేది, తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పుల్ల దీంతో పట్టుకోండి. ఇన్నేళ్ళు దీంతోనే బతికారు, ఈమాత్రం తట్టలేదూ బుర్రకి?"

అని, గుమ్మంలో నిలబడ్డ దర్జీ వైపు తిరిగింది. "రావయ్యా, మా పిరికాయన దగ్గర ఊది లోపలికి రా. నీతో బోలెడు మాటలున్నాయి."

జబ్బు ఆ గుమ్మం దాటలేదు. మాస్కు వల్లే అంటాను నేను, అదృష్టమంటారా, మీ ఇష్టం. వదిన ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంది. అన్నయ్య మొన్న చలికాలంలో నిద్రలో పోయాడు. ఎనభై నాలుగేళ్ళు.