మూడో గడి

పోయిన వారం ఒక పాత నోటుపుస్తకానికి బైండింగు చేయించడానికి నంద్యాల బజారుకు వెళ్ళాను. దుకాణం అతను డబ్బాలోని తెల్ల జిగురు తీసి పూయబోతుంటే ఆపాను. మైదాపిండిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురే కావాలన్నాను. అదిప్పుడు ఎవరూ వాడరన్నాడు. వాడకపోబట్టే మీ బైండింగులు రెండేళ్ళకు ఊడిపోతున్నాయన్నాను. నా నోరు మూయించడానికేనేమో, చివరికి వెనక గదిలోకి వెళ్ళి స్టవ్వు వెలిగించాడు. కాసేపటికి ఆ వాసన వచ్చింది. కొంచెం గంజిలా, కొంచెం తోమని రాగిచెంబులా ఉంటుంది. నేను బెంచీ మీద కూర్చుండిపోయాను.

"చివర్లో తొమ్మిది కాయితాలు ఖాళీగా ఉండాయి పెద్దాయనా, కోసేద్దునా?" అని లోపలి నుంచి అడిగాడు.

"వాటి జోలికి పోవద్దు" అన్నాను.

ఆ వాసన మా దానియేలు సారుది. ఆయన్ను చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు ఎంతమంది మిగిలారో తెలియదు. చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు నా గురించి చెప్పాలి. నన్ను ఎరిగినవాళ్ళు నా గురించి మంచిగా చెప్పే మాట ఒకటే, నేను ఏదీ మరిచిపోనని. చెడ్డగా చెప్పే మాట కూడా అదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడాది మా చెల్లెలు నరసమ్మ పెళ్ళి ఆళ్ళగడ్డలో, పెళ్ళికొడుకు ఇంట జరిగింది. మాకు అమ్మానాయనలు లేరు. రుద్రవరం దగ్గర పల్లెలో ఉన్న చేను కౌలుకిచ్చి, నేను నంద్యాలలో ఒక పత్తిమిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. చెల్లెలిని పెంచింది నేనూ, మా మేనత్తా. పెళ్ళిలో తండ్రి స్థానంలో నిలబడింది నేనే. అలాంటి నన్ను, మొదటి బంతిలో విస్తరి ముందు కూర్చుని అన్నంలో పప్పు కలుపుకున్నాక, "కొంచెం లేచి రెండో బంతికి కూచోప్పా, బనగానపల్లె నుంచి మా పెద్దమామ వచ్చినాడు" అని లేపారు. లేచాను. రెండో బంతికి కూర్చోలేదు. ఎంగిలి చెయ్యి తొట్టిలో కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. ఆ విస్తరిలో ఏ మూల ఏం వడ్డించారో ఇప్పటికీ చెప్పగలను. ఆ గడప మళ్ళీ తొక్కనని ఆ రోజే అనుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. ఆళ్ళగడ్డ వైపు నుంచి మిల్లుకు పత్తిబండి తోలుకొచ్చిన ఒక రైతు, కాటా దగ్గర నన్ను గుర్తుపట్టి, "ఏందప్పా, మీ చెల్లెలు పోయి పన్నెండు దినాలాయె, నువ్వు కర్మక్కూడా రాకపోతివే?" అన్నాడు. నరసమ్మ ఆడపిల్లను కని, మూడో రోజు జ్వరంతో పోయిందట. నాకెవరూ కబురు పంపలేదు. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ రోజూ బస్సులు తిరుగుతున్నా పంపలేదు. అప్పట్లో ఈ కథను నేను ఇక్కడి నుంచే మొదలుపెట్టి ఇక్కడే ముగించేవాణ్ణి. విన్నవాళ్ళంతా అయ్యో అనేవారు. అనకపోతే వాళ్ళ మీద కూడా కోపం పెట్టుకునేవాణ్ణి.

ఆ తర్వాత నాకు లోకంలో ప్రతిదీ తప్పుగానే కనపడసాగింది. మేనేజరు మీద యజమానికి, పోస్టుమాన్ మీద పోస్టుమాస్టరుకు ఫిర్యాదులు రాశాను. మధ్యాహ్నం భోజనం వేళ మిల్లులో అందరి ముఖాలు చూడలేక, స్టేషనుకు పోయే దారిలో ఉన్న గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. పెంకుటింట్లో రెండు గదులు. ఒక గదిలో పేపర్లు, ఒక గదిలో పుస్తకాలు. ఆ గదుల మధ్య గడప పక్కన, జిగురు గిన్నె ముందు పెట్టుకుని, ఊడిపోయిన పుస్తకాలు కుడుతూ దానియేలు సారు ఉండేవారు. నంద్యాల పక్క పల్లె ఆయనది. క్రైస్తవుల బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి ఈ ఉద్యోగానికి వచ్చారు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. కళ్ళజోడు ఒక పుల్ల విరిగితే, ఆ పక్క పుస్తకాలు కుట్టే దారమే కట్టి చెవికి చుట్టుకునేవారు.

గోడకు ఫిర్యాదుల పుస్తకం వేలాడుతుండేది. నాలుగు గడులు. మొదటిది పేరూ తేదీ, రెండోది ఫిర్యాదు, మూడోది 'ఏమి చేయవలెను', నాలుగోది జవాబు. మూడో రోజే అందులో రాశాను: 'కిటికీ దగ్గరి కుర్చీ ఊగుచున్నది.' మూడో గడి ఖాళీగా వదిలేశాను. మర్నాడు చూస్తే నాలుగో గడిలో సన్నని పెన్సిలు అక్షరాలు: 'మూడవది నింపినచో నాలుగవది నింపెదను.'

వెళ్ళి అడిగాను. "ఏం చేయాల్నో చూసుకునేది మీ పని గదా సారూ. తప్పు చూపించేంతవరకే నా పని."

ఆయన సూది ఆపలేదు. "కుర్చీ ఊగుతాందని నాకూ తెల్సు. నీకేం కావాల? కుర్చీ మార్చాల్నా, కాలు కోయించాల్నా, నన్ను తిట్టిపోవాల్నా? అది రాయి."

"తిట్టిపోవాల్ననే వచ్చినా."

"మంచిది. అదే రాయి."

పంతం కొద్దీ అదే రాశాను. మర్నాడు జవాబు: 'తిట్టుట అయినది. కుర్చీ అట్లే ఉన్నది.' చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయన చూశారని మళ్ళీ కోపం వచ్చింది. అట్ట ముక్క మడిచి కుర్చీ కాలి కింద పెట్టింది చివరికి నేనే.

అలా రెండేళ్ళు నేను సిరాతో, కాయితం చిరిగేటంత ఒత్తి రాసేవాణ్ణి. ఆయన పెన్సిలుతో జవాబిచ్చేవారు. పెన్సిలు ఎందుకని ఒకసారి అడిగితే, "నేను రాసిందే తప్పని తెలిస్తే చెరిపేదానికి" అన్నారు. ఫిర్యాదుల కోసమైనా పుస్తకాలు చదవాలి కదా, చదివాను. పేజీలు ఎక్కడ పోయాయో, అచ్చుతప్పులు ఎక్కడున్నాయో వెతుకుతూ చదివాను. అలా వెతుకుతూ వెతుకుతూ, ఎప్పుడో వెతకడం మరిచి చదివాను.

ఒక నవలకు చివరి పేజీలు లేవు. కథానాయిక పుట్టింటి నుంచి బయలుదేరి బండెక్కిన చోట ఆగిపోయింది. మూడో గడిలో 'చివరి పేజీలు కావలెను' అని రాశాను. ఆ పుస్తకం చిరగకముందు చదివిన ముగ్గురి పేర్లు ఆయన నాలుగో గడిలో రాశారు: ఒక దర్జీ, ఒక కాంపౌండరు, ఒక కోర్టు గుమాస్తా. ముగ్గురి దగ్గరికీ వెళ్ళాను. ఆమె భర్త దగ్గరికి చేరి సుఖపడిందన్నాడు దర్జీ. దారిలోనే జబ్బుచేసి పోయిందన్నాడు కాంపౌండరు. ఆమె అసలు బండే ఎక్కలేదు, నువ్వే సరిగా చదవలేదన్నాడు గుమాస్తా.

మండిపడుతూ తిరిగి వచ్చాను. "ముగ్గురూ అబద్ధాలకోర్లే సారూ."

"ముగ్గురూ చదివినోళ్ళే. ఎవురికి ఏది కావాల్నో అది గుర్తుపెట్టుకున్నారు" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ మిల్లుకు నడుస్తున్నంతసేపూ వెంట వచ్చింది.

ఆ వారంలోనే ఫిర్యాదుల పుస్తకంలో, కుర్చీల, పేపర్ల ఫిర్యాదుల మధ్య, రాశాను: 'నా చెల్లెలు చనిపోతే నాకు కబురు పంపలేదు.' ఎందుకు రాశానో తెలియదు. మూడో గడి దగ్గర పాళీ ఆగింది.

మర్నాడు జవాబు లేదు. ఆయన జిగురు ఉడికిస్తూ నన్ను పిలిచి, ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టారు. ఒకవైపు అచ్చయిన పాత కాయితాలను తిప్పి, లెక్కగా కుట్టి, గుడ్డ అంటించి చేసింది. "ఆ గోడ పుస్తకం నలుగురు చూసేది. ఇది నీ ఒక్కనిది. యాడ మొదలైతే ఆడ్నించి రాయి."

"యాడ మొదలైంది సారూ? కబురు రానప్పుడే గదా."

"అంతకు ముందు నెల ఏం జరిగింది?"

నేను నోటుపుస్తకం అట్ట తిప్పి చూడసాగాను.

"ఆ పొద్దు చివర లేని పుస్తకానికి ఫిర్యాదు చేసినావు. ఈ పొద్దు మొదులు లేని పుస్తకం నువ్వే తెచ్చినావు" అన్నారు, గిన్నె కలుపుతూ.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని రాశాను. మొదట పదిహేను పేజీలు పెళ్ళి విస్తరి గురించే. అక్కడి నుంచి అనుకోకుండానే వెనక్కి వెళ్ళాను. ఇసుకలో వేలుతో నరసమ్మకు అక్షరాలు దిద్దించింది నేనే. తన పేరు కంటే ముందు ఓబులేసు అని నా పేరు రాసింది. అది రాశాక, ఆమె పంపిన మూడు కార్డులు పెట్టె అడుగు నుంచి తీయక తప్పలేదు. నేను దేనికీ జవాబు ఇవ్వలేదు. మూడో కార్డు ఇది: 'అన్నా, నాకు ఏడో నెల. నువ్వు వచ్చి పిల్చుకపోతావని దినామూ వాకిట్లో కూచుంటాండా. మా అత్త చూసి నవ్వుతాది. బేగా రా.'

తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటివాళ్ళు వెళ్ళి పిలుచుకురావాలి. మా మేనత్త రోజూ పోరింది. "పోయి పిల్చుకరా పోరా. కడుపుతో ఉండేదాని మీదనా నీ పౌరుషం?" వాళ్ళొచ్చి బంతిలో లేపినందుకు తప్పయిందననీ, అప్పుడు పోతానన్నాను. వాళ్ళు రాలేదు. 'నేను పిలుచుకురావడానికి వెళ్ళలేదు' అనే ఒక్క వాక్యం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

పుస్తకం సారు చేతికిచ్చాను. ఆయన చెవికి చుట్టిన దారం విప్పి, మళ్ళీ చుట్టుకుని, రెండు మధ్యాహ్నాలు చదివారు. ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

"మూడో గడి?" అన్నారు.

"ఇంకేం రాస్తా సారూ? మనిషే ల్యాకపాయె."

"పిల్ల ఉండాది గదా. ఇన్ని కాయితాల్లో ఆ పిల్ల పేరు ఒక్కసారన్నా రాయలే నువ్వు."

"నాకు తెల్దు సారూ దాని పేరు."

ఆయన మొదటిసారి తన పెన్సిలు నాకిచ్చారు. "అట్లయితే అదే రాయి."

పిల్ల పేరు కనుక్కోవాలి. అంతే రాశాను. అంత చిన్న కోరిక నా జన్మలో ఏ ఫిర్యాదులోనూ రాయలేదు.

ఆదివారం ఒక పలక కొనుక్కుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. బస్సు దిగాక రెండుసార్లు వెనక్కి తిరిగాను. నరసమ్మ అత్తగారు వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"ఇప్పుడా వచ్చేది?"

"నాకు కబురు పంపలేదు గదా అత్తా" అన్నాను. పలక చంకలో ఉంది, అయినా ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

"పంపలేదు. పంపకూడదనే పంపలేదు. మూడు నెల్లు ఆ పిల్ల ఇదే వాకిట్లో కూచుని దావ చూసింది. దానికే రానోడు, దాని పీనుగ్గు ఎందుకనుకున్యాం."

రెండేళ్ళ కిందటైతే అక్కడి నుంచే వెనుదిరిగేవాణ్ణి. ఆ రోజు కూడా కాళ్ళు కదిలాయి. కానీ ఆ వాక్యం నేను ముందే నా చేత్తో రాసుకున్నాను. ఆమె చెప్పింది కొత్తగా ఏమీ లేదు. "నిజమే అత్తా. దాని పేరు కనుక్కొని పోదామని వచ్చినా" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. స్తంభం చాటు నుంచి రెండున్నరేళ్ళ పిల్ల, గుప్పిట్లో చెనిక్కాయలతో, నా పలక వైపు చూస్తోంది. "నరసమ్మే" అంది ముసలామె. "ఇంగెవురి పేరు పెడ్తాం?"

మధ్యాహ్నానికి మా బావ చేను నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నాకు వేసిన విస్తరి పక్కన ఇంకోటి వేసుకున్నాడు. నేను కూర్చోవడానికి తటపటాయిస్తుంటే అత్తగారు సంగటి ముద్ద పెడుతూ, "కూచో, తిను. ఈసారి ఎవురూ లేపర్లే" అంది. అది క్షమాపణో, ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఆ తర్వాత నెలకొకసారి ఆళ్ళగడ్డ వెళ్ళేవాణ్ణి. పలక మీద దానికి దిద్దించేవాణ్ణి. బడిలో వేయకముందే రాయడం వచ్చింది. ఒకరోజు మిల్లు చిరునామాకు కార్డు వచ్చింది. వంకర అక్షరాలతో, 'మామా బేగా రా.' ఎవరూ చెయ్యి పట్టి రాయించలేదని తర్వాత వాళ్ళ నాయన చెప్పాడు. గ్రంథాలయానికి పరుగెత్తి సారుకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, నా నోటుపుస్తకం అడిగి, నరసమ్మ మూడో కార్డు నేను అంటించుకున్న పేజీకి ఎదురు పేజీలో దాన్ని అంటించారు. ఇప్పుడు ఆ రెండు కార్డుల మధ్య మడతే తెగిపోయింది. అందుకే బైండింగు.

పంతొమ్మిది వందల అరవైలో ఆయన్ను బనగానపల్లెకు మార్చారు. పిల్లను తీసుకుని వస్తానన్నాను, ఆయనా వచ్చి చూస్తానన్నారు. ఇద్దరం ఇదుగో అదుగో అనుకుంటూ గడిపాం. ఆయన పోయిన సంగతి నాకు మూడు నెలల తర్వాత, బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే తెలిసింది. నాకు మళ్ళీ కబురు రాలేదు. ఆయన ఇంటివాళ్ళ మీద కోపంతో ఒక వారం అన్నం సయించలేదు. తర్వాత వెళ్ళి చూస్తే, ఆ ఇంటివాళ్ళకు నా పేరు తెలుసుగానీ చిరునామా తెలియదు. ఇవ్వాల్సింది నేనే, ఇవ్వలేదు. ఆమాత్రం వెనక్కి వెళ్ళి చూసుకోవడం అప్పటికి వచ్చింది నాకు.

నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఆ విస్తరి ఇంకా గుర్తుంది. బైండింగు అతను కుట్టు ఒక పక్కకు వాల్చాడు, అదీ చెప్పే వచ్చాను. కానీ ఏ మాట గుచ్చుకున్నా, ఎవరి మీద పళ్ళు కొరికినా, కాసేపయ్యాక ఒక సన్నని పెన్సిలు గీత వచ్చి మూడో గడి దగ్గర నిలబడుతుంది. నీకేం కావాల? అది రాయి. రాయగలిగితే వెళ్ళి చేస్తాను. రాయలేకపోతే, మొదలు ఇంకా వెనక ఎక్కడో ఉందని తెలుసుకుంటాను.

ఆ తొమ్మిది ఖాళీ కాయితాల మీదే ఇదంతా రాశాను. చివరి పేజీలో నాలుగు గడులు గీశాను. మొదటిదాంట్లో నా పేరు. రెండోదాంట్లో, 'దానియేలు సారు పోయినప్పుడు నాకు కబురు రాలేదు.' మూడోదాంట్లో, 'ఆయన ఎలాంటివారో ఆయన్ను చూడనివాళ్ళకు చెప్పాలి.' నాలుగో గడి ఖాళీగా ఉంది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.