కట్ట కింద ఉప్పు ఊట

మా మామ అబ్దుల్ షుకూర్ ఎవర్నీ నమ్మడు. తన కూతురు ఆఫ్రీన్‌ని నాకిచ్చే ముందు ఏడాది పొడుగునా నన్ను కాపు కాశాడు. రేపల్లెలో నాకు కరెంటు సామాన్ల కొట్టుంది. మోటార్లు కూడా బాగుచేస్తాను. తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ పంపించి నా దగ్గర బల్బులు కొనిపించాడు, మాడిపోయే సరుకు అంటగడతానేమోనని. ఆఖరికి తనే వచ్చాడు, మొహానికి తువ్వాలు చుట్టుకుని. ఆ ఒడ్డూ పొడుగూ తువ్వాలుకి దాగేది కాదు. గుర్తుపట్టి టీ తెప్పిస్తే, కప్పు వాసన చూసి మరీ తాగాడు. అయినా పిల్లనిచ్చాడంటే నేనెంత మంచివాణ్ణో మీరే ఆలోచించుకోండి.

తెనాలిలో ఆయనది తాళాలు బాగుచేసే పని. దొంగలు పడ్డ ఇళ్ళవాళ్ళే ఎక్కువగా పిలిచేవాళ్ళు కాబట్టి లోకమంతా దొంగల్లా కనిపించడం ఆయన తప్పు కాదంటుంది మా అత్త హుస్సేన్ బీ. ఆ గుణం పుట్టుకతోనే వచ్చిందని నా నమ్మకం. చూపు మందగించి తాళం లోపలి పని చేతకాక, 2006లో రేపల్లె పక్కనే ఉన్న నగరం మండలంలో వీరబ్రహ్మం గారి బోటింగ్ చెరువు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అనుమానానికి జీతమిచ్చే ఉద్యోగం అదొక్కటే కదా.

అక్కడంతా సముద్రానికి దగ్గర, బల్లపరుపు నేల. నీళ్ళు నిలబెట్టాలంటే చుట్టూ కట్ట పోయాల్సిందే. మిల్లు ఓనరు వీరబ్రహ్మం గారు తన చేనుకి నాలుగు పక్కలా మట్టికట్ట పోయించి, కాలవ నీళ్ళు తోడించి, కాళ్ళతో తొక్కే బాతు పడవలు దింపాడు. తూర్పు వైపు నేల పల్లం గనక అక్కడ కట్ట మనిషి కంటే ఎత్తు. కట్ట మీద సిమెంటు బెంచీలు, రంగు గొడుగులు. ఆదివారం వస్తే బాపట్ల నుంచి కూడా జనం దిగేవాళ్ళు.

ఆ తూర్పు కట్ట కిందే అంకయ్య ఇల్లు. నిజాంపట్నం వైపు వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. సముద్రం మీద విసుగెత్తి, ఆ పల్లంలో కాస్త భూమి కౌలుకి తీసుకుని రొయ్యల చెరువు వేశాడు. బోటింగ్ చెరువు తర్వాత వచ్చింది. వాళ్ళ పెరట్లో నిలబడి తలెత్తితే కట్ట మీద బెంచీల్లో కూర్చున్నవాళ్ళ చెప్పులు కనిపించేవి. భార్య మహాలక్ష్మి, బడికెళ్ళే కూతురు శ్రావణి. అదీ సంసారం. వీరబ్రహ్మం గారికి ఆ జాగా కార్లు పెట్టుకోవడానికి కావాలి. అంకయ్య కదలనన్నాడు. మామ చేరిన రోజునే ఓనరు చెప్పిన మాట ఒక్కటే: "సాయిబు గారూ, కింద వాడి మీద ఓ కన్నేసి ఉంచండి." మా మామకి ఇంకొకళ్ళు చెప్పాలా!

మరుసటి వానాకాలం దాటాక కట్ట అడుగున, అంకయ్య పెరటి వైపు, చెమ్మ కనిపించింది. చాపంత మేర నేల మెత్తబడి, మధ్యలో సన్నగా నీరు ఊరుతోంది.

మా వైపు నీళ్ళని కళ్ళతో చూడరు, నాలికతో చూస్తారు. బోరు వేసినా, గుంట తవ్వినా ముందు ఒక చుక్క నోట్లో పడాల్సిందే. తియ్యనైతే కాలవది, ఉప్పనైతే భూమిది. పసిపిల్లలకి కూడా తెలిసిన లెక్క అది. ఈ చెమ్మ దగ్గరా అదే చేశారు. కట్ట పోసిన మేస్త్రీ బర్నబాస్ వంగి వేలు ముంచి నాక్కుని, తుపుక్కున ఊసి, "ఉప్పనండి. మన చెరువుది తియ్యటి నీరు. ఇది మన నీరు కాదు, భయం లేదు" అన్నాడు. ఓనరూ నాకాడు. నేనూ నాకాను. నిజంగానే ఉప్పన. అందరం హమ్మయ్య అనుకున్నాం.

మామ ఒక్కడే అనుకోలేదు. "మనది కాకపోతే మరెవరిది? ఉప్పు నీళ్ళ చెరువు పక్కనే పెట్టుకుని భూమిని ఆడిపోసుకుంటారేంటి?" అన్నాడు.

అంతే, పట్టుకున్నాడు. అంకయ్య కావాలనే తన రొయ్యల చెరువు నీళ్ళు కట్టలోకి ఎక్కిస్తున్నాడనీ, కట్టని నానబెట్టి కూలదోస్తే బోటింగ్ మూతపడి తన జాగా తనకి దక్కుతుందని వాడి ఎత్తనీ ఊరంతా చాటాడు. మిరపకాయ బజ్జీల బండి దగ్గర చెప్పాడు, బస్సులో చెప్పాడు, చివరికి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందూ చెప్పాడు.

అంకయ్య గంగమ్మ తల్లి మీద ఒట్టేశాడు. మహాలక్ష్మి మాత్రం ఒట్టూ గిట్టూ పెట్టుకోకుండా సూటిగా అడిగింది. "మా చెరువు నీళ్ళు ఆ చెమ్మ కంటే కిందనున్నాయి కదన్నా. పైకెట్టా ఎక్కుతాయి?"

"మోటారెందుకుందమ్మా మీకు?" అన్నాడు మామ.

ఆ మాటతో పెద్దమనుషులు తలలూపారు. ఆ రోజు నుంచి ఊళ్ళో అంకయ్య కొట్టుకెళ్తే పక్కకి జరిగి నిలబడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. "కళ్ళతో చూశావా మామా?" అంటే, "దొంగ చూపించి చేస్తాడేంటి అల్లుడూ?" అన్నాడు.

ఎండలు ముదిరేసరికి అంకయ్య రొయ్యలకి మచ్చల రోగం తగిలింది. ఉన్నకాడికి పట్టేసి చెరువు ఖాళీ చేసేశాడు. అడుగు ఎండి బీటలు వారింది. కాలిపోయిన మోటారుని బండి మీద వేసుకుని రేపల్లెలో నా దగ్గరికే తెచ్చాడు. వైండింగ్ చెయ్యడానికి విప్పి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఆఫ్రీనూ నేనూ మామకి బిర్యానీ పట్టుకెళ్ళాం. పడవలన్నీ నీళ్ళలో ఉన్నాయి, బెంచీలన్నీ నిండాయి. మామ పైన లేడు. చూస్తే కట్ట కింద చెమ్మ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చాపంత చెమ్మ ఇప్పుడు కళ్ళమంత అయింది. మధ్యలో బొటనవేలు పట్టేంత కన్నం, అందులోంచి బుడబుడమని నీరు. ఆ నీరు తేటగా లేదు, టీ రంగులో మట్టి కలుపుకుని వస్తోంది.

మామ వేలు నాక్కుని చూశాడు. మళ్ళీ నాక్కున్నాడు. తలెత్తి ఎండిపోయిన రొయ్యల చెరువు వైపు చూశాడు.

"వాడి మోటారెక్కడుంది అల్లుడూ?"

"నా కొట్లో, ముక్కలుగా."

మామ తడి వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఇది మన చెరువు నీరే. దారిలో నేలలో ఉన్న ఉప్పునంతా కరిగించుకొస్తోంది. ఇప్పుడు మట్టినీ తెస్తోంది. ఇన్నాళ్ళూ మన కట్టే ఇలా..." అని ఆగిపోయాడు. తర్వాత ఒక్క ఊపున లేచాడు. "నువ్వు పైకెళ్ళి జనాన్ని దింపు. ఏ అబద్ధమైనా ఆడు, పాముందని చెప్పు!"

పాముందనే చెప్పాను. ఓనరుకి ఫోన్ చేస్తే, ఆదివారం పూట జనాన్ని బెదరగొడితే తాట తీస్తానన్నాడు. పెట్టేసి ఇంకా గట్టిగా అరిచాను. పడవల్లో వాళ్ళని ఒడ్డుకి లాగి, గేటు బయటికి తోసి, నేను అంకయ్య ఇంటికి పరిగెత్తేసరికి అక్కడ మామ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఏంటి షుకూర్ భాయ్, కొత్త నాటకమా?" అంటున్నాడు అంకయ్య. "మొన్నటిదాకా నా నీళ్ళు మీ కట్టని తింటున్నాయన్నావు. ఇవాళ మీ కట్టే తెగుద్ది, ఇల్లొదిలి పొమ్మంటున్నావు. మేం అటెళ్ళగానే మీ ఓనరు ఇటు ఇల్లు కూల్చే మిషను దింపుతాడు. అంతేగా?"

"తప్పయిపోయింది తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను, పాపని తీసుకుని రోడ్డెక్కు."

"నేను కదలను."

మామ వాళ్ళ వాకిట్లో నులకమంచం కట్ట వైపుకి లాక్కుని దాని మీద కూర్చున్నాడు. "నువ్వు కదిలేదాకా నేనూ కదలను" అన్నాడు. ఆఫ్రీన్ ఏడుస్తూ చెయ్యి పట్టి లాగితే విదిలించుకున్నాడు. కట్ట మీంచి చూపు తిప్పకుండా మంచం పట్టె రెండు చేతులా పట్టుకున్నాడు.

మహాలక్ష్మి ఆయన్ని ఎగాదిగా చూసింది. అప్పుడామెకి ఏం తట్టిందో, శ్రావణిని చంకనేసుకుని, "ఈ మనిషి ఒకళ్ళ కోసం చచ్చే రకం కాదు. నిజంగానే ఏదో ఉంది, పదయ్యా!" అని మొగుడి చొక్కా పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చింది. మేం వెనకే వచ్చాం.

రోడ్డెక్కి ఊపిరి తీసుకునేలోపు తూర్పు కట్ట జారింది. పెద్ద చప్పుడేం కాలేదు. బెంచీలు ముందుకి వాలాయి, గొడుగులు వాలాయి, నీళ్ళు ఇంటి మీదుగా పోయాయి. ఇల్లు లేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మామ రోడ్డు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు ఆయన్ని చూసి మొదటిసారి గర్వపడ్డాను.

మర్నాడు ఆఫీసర్లొచ్చారు. వీరబ్రహ్మం గారు వాళ్ళ ముందు మా మామ భుజం మీద చెయ్యేసి, "మా వాచ్‌మన్ మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడండి, రొయ్యల చెరువు ఉప్పు నీళ్ళు కట్టని కుళ్ళబెడుతున్నాయని. ఊరంతా విన్నారు. కావాలంటే అడగండి" అన్నాడు.

ఊరంతా విన్నది నిజమే. బజ్జీల బండివాడు విన్నాడు, బస్సు కండక్టరు విన్నాడు, పెద్దమనుషులు విన్నారు. అందరూ అవునన్నారు.

"కాదండి, నేను పొరబడ్డాను. అంకయ్యది తప్పు లేదండి" అని మామ అరిచాడు.

"పాపం, వాళ్ళేదో బెదిరించి ఉంటారు" అన్నాడు ఓనరు. ఆఫీసరు మామ వైపు తిరిగి, "అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?" అని అడిగాడు. ఎండిన చెరువు చూపిద్దామంటే అదిప్పుడు నిండా నీళ్ళతో ఉంది. నేను మోటారు సంగతి చెప్తే, మామని వెనకేసుకొస్తున్న అల్లుణ్ణన్నారు.

అంకయ్యకి ఏ సాయమూ రాలేదు. కౌలు పోయింది. కట్ట తెగ్గొట్టినవాడన్న పేరు మాత్రం మిగిలింది. బాపట్ల దగ్గర సూర్యలంకలో బంధువుల పంచన చేరి మళ్ళీ వేటకెళ్తున్నాడు. మామ ఉద్యోగం మానేసి, కనబడ్డ ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కి తన తప్పు తనే చెప్పుకుంటూ తిరిగాడు. నమ్మినవాడు లేడు.

చివరికి నన్ను వెంటబెట్టుకుని సూర్యలంక వెళ్ళాడు. అంకయ్య మమ్మల్ని చూసి పడవ వైపు వెళ్ళిపోయాడు. మహాలక్ష్మి చేపలు ఆరబెడుతోంది. మామ ఆమె ముందు నిలబడి, "తిట్టమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు" అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుని, ఆయనకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "నా బిడ్డ బతికుందంటే నీవల్లేనన్నా. నా మొగుడు తలెత్తుకోలేకుండా ఉన్నాడంటే అదీ నీవల్లే. నిన్ను తిట్టడానికి నోరు రావట్లా, దణ్ణం పెట్టడానికి చేతులూ రావట్లా. నీళ్ళు తాగి వెళ్ళన్నా."