దోమక్క కుట్టిన మడమ

ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకి వచ్చి రక్తం తీసే ఆవిడని అందరూ దోమక్క అంటారు. సూది దిగినట్టు బిడ్డకి తెలియకూడదు, అదీ ఆవిడ గొప్ప. ఆ పేరంటే కోపం లేదు సరికదా, కాస్త మురిపెం కూడా. ఆవిడకున్న జబ్బల్లా ఒక్కటే, కనబడ్డ ప్రతిదానికీ ఎందుకని అడగడం. ఇంట్లో మొగుడి బుర్ర ఎప్పుడో తినేసింది, ఇక మిగిలింది డాక్టర్లే.

ఆ రోజు వచ్చిన ఆడపిల్ల పుట్టగానే ఏడవలేదు. కాన్పు కష్టమై మెదడుకి ప్రాణవాయువు అందలేదట. చల్లని నీళ్లు తిరిగే పరుపు మీద పడుకోబెట్టి, మూడు రోజులు ఒళ్లు చల్లగా ఉంచాలన్నారు డాక్టరమ్మ. తల్లి ఇంకా లేవలేని స్థితిలో ఉంది. అద్దం అవతల అమ్మమ్మ ఒక్కతే నిలబడి, పసిగుడ్డుని ఎవరైనా ఇలా చల్లబెడతారా అని కుమిలిపోతోంది. దోమక్కకీ అదే అనుమానం. ఇన్నేళ్లూ పిల్లల్ని వెచ్చగా ఉంచమనేగా చెప్పారు! అడిగేసింది. గాలి అందని మెదడు ఆ తర్వాత కూడా లోలోపల చెడిపోతూనే ఉంటుందనీ, చల్లదనం ఆ చెడుని నెమ్మదింపజేస్తుందనీ, చెయ్యి కాలితే నీళ్లలో పెట్టమా, ఇదీ అంతేననీ డాక్టరమ్మ చెప్పారు.

దెబ్బతిన్న కణాల నుంచి రక్తంలోకి కారే ఒక పదార్థం ఎంతుందో చూస్తే, దెబ్బ ఎంత లోతో తెలుస్తుంది. మామూలుగా దోమక్క మడమని వెచ్చని గుడ్డతో కాపి గుచ్చుతుంది. చల్లబెట్టిన బిడ్డని కాపకూడదేమోనని, ఈసారి ఊరికే గుచ్చింది. చుక్క రాలలేదు. పిండింది. గట్టిగానే పిండింది. పిల్ల కిక్కురుమనలేదు. ఏ బిడ్డా ఏడవకపోతే ఇన్నాళ్లూ సంబరపడ్డ మనిషికి, ఆ మౌనం చూసి భయమేసింది.

ల్యాబ్ నుంచి వచ్చిన అంకె కొండెక్కి కూర్చుంది. డాక్టరమ్మ మొహం చూసి అమ్మమ్మ గోడకి చేరగిలబడిపోయింది. పుట్టగానే బొడ్డుతాడు నుంచి తీసిన రక్తంలో అంత లేదే, ఇంతలోనే ఎందుకు పెరిగింది? దోమక్క తిన్నగా ల్యాబ్‌కి నడిచింది. అక్కడి పెద్దాయన ట్యూబుని వెలుతురుకి పెట్టి చూశాడు. పైన తేరిన నీరు లేత పసుపుగా ఉండాల్సింది, గులాబీ రంగులో ఉంది.

"ఎంత పిండావే తల్లీ? రక్తకణాలు పగిలిపోయాయి. వాటిలోనూ ఇదే సరుకు ఉంటుంది. మెషీను అంతా కలిపి లెక్కేసింది."

దోమక్క వెళ్లి, తప్పు తనదేనని డాక్టరమ్మకి చెప్పేసింది. చీవాట్లు పడ్డాయి, పడాల్సిందే. ఈసారి బొడ్డులో వేసిన గొట్టం నుంచి నెమ్మదిగా తీశారు. అంకె సగానికి సగం తగ్గింది. అయినా భయం పోయినట్టు కాదని, పిల్ల లేచి చెబితేనే నమ్మకమని డాక్టరమ్మ అమ్మమ్మతో అన్నారు.

మూడు రోజులయ్యాక ఒంటిని మెల్లమెల్లగా వెచ్చబరిచారు. గొట్టం తీసేశారు. దోమక్క మడమని కాపి, ఎప్పటిలాగే తేలిగ్గా గుచ్చింది. పిల్ల మొహం ఎర్రగా చేసుకుని, వార్డు ఎగిరిపోయేలా కెవ్వుమంది. ఒక్క ఏడుపుతో అంతా తేలదని, తలకి స్కానింగు చూడాలని డాక్టరమ్మ అంటూనే ఉన్నారు. అమ్మమ్మ వింటేగా! లోపలికి వచ్చి దోమక్క చెయ్యి పట్టేసుకుంది.

"ఇంకోసారి కుట్టు తల్లీ."

"చాల్లే పెద్దమ్మా, పాపం ఏడుస్తోంది," అంది దోమక్క, తనే ఏడుస్తూ.