టీవీ వెనకాల మా బావ

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పడం నాకు చాలా ఏళ్ళకు గానీ చేతకాలేదు. ఆయన టీవీలు అమ్మడు, బాగుచేయడు. పెద్ద హోటళ్ళలో, కంపెనీల మీటింగు హాళ్ళలో పెట్టెలో దాక్కున్న టీవీ బటన్ నొక్కగానే పైకి లేస్తుంది, పనయ్యాక మళ్ళీ లోపలికి దిగిపోతుంది, చూసే ఉంటారు. ఆ టీవీని మోసే మోటారు లిఫ్టులు రకరకాలున్నాయి. ఎక్కడ ఏ రకం పెట్టాలో ఎంచి చెప్పడమే ఆయన పని. ఆయన ఎంచిన లిఫ్టుకు చెక్కపెట్టె చేసేది నేను. "మీ బావ నన్ను చూసి చేసుకున్నాడో, నీ రంపాన్ని చూసి చేసుకున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నానురా" అని మా అక్క ఎప్పుడూ ఎగతాళి చేసేది.

కొత్త పని ఒప్పుకునేముందు బావ కొన్ని ప్రశ్నలు అడిగేవాడు. ఇది రోజుకు ఎన్నిసార్లు లేవాలి, బటన్ ఎవరి చేతిలో ఉంటుంది, మూత మీద ఏం పెడతారు. ఇళ్ళలో లిఫ్టు ఎప్పుడో ఓసారి కదులుతుంది. హోటల్లో అయితే గదిలో దిగిన ప్రతివాడూ ముచ్చటపడి పదిసార్లు ఎక్కించి దింపుతాడు. ఇంటికి సరిపోయే మోటారు అక్కడ కొన్నాళ్ళకే చేతులెత్తేస్తుంది. ఇదంతా వినేవాళ్ళకు అర్థమయ్యేది గానీ మూత సంగతి అడిగేసరికి తెల్లమొహం వేసేవాళ్ళు. మూత మీద ఏం పెడతాం, ఏమీ పెట్టం అనేవాళ్ళు. ఆయన నమ్మేవాడు కాదు. చదునుగా కనబడ్డ చోటల్లా మనుషులు ఏదో ఒకటి పెట్టి తీరతారని ఆయన గట్టి నమ్మకం. అందుకే జనం తిరిగే చోట, మూతకు ఏదైనా అడ్డం తగిలితే మొండిగా నెట్టుకుపోకుండా ఆగి, తిరిగి కిందికి దిగే రకం తప్ప ఇంకోటి పెట్టనిచ్చేవాడు కాదు.

ఇక లిఫ్టును పరీక్షించేటప్పుడు చూడాలి ఆయన్ను. పెట్టె వెనక్కి వెళ్ళి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. తెర వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. మోటారు ఎక్కడ ఆయాసపడుతోందో, ఆగేటప్పుడు ఎంత కుదుపు వస్తోందో ఆ చేతికి తెలిసిపోయేది. నా మూత బరువెక్కువైందని ఎన్నిసార్లు వెనక్కి పంపాడో! నాకు ఒళ్ళు మండేది. "పల్చన చేస్తే వంకర తిరుగుతుంది బావా" అని నేను, "మందంగా చేస్తే నా మోటారు నడుం విరుగుతుందిరా" అని ఆయన. ఇద్దరం వాళ్ళింట్లో కంచాల ముందు కూర్చుని కూడా అదే వాదన. అక్క గరిటె చూపించి ఇద్దరి నోళ్ళూ మూయించేది.

ఆ అక్క పోయింది. జబ్బని తెలిసిన ఏడాది తిరక్కుండానే, ఆస్పత్రిలో, మధ్యాహ్నం పూట, బావ పక్కన కూర్చుని ఉండగా పోయింది. నేను చంటిపిల్లాడిలా ఏడ్చాను. బావ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, ఎవరేం అడిగినా జవాబు చెప్పాడు. చాలా గట్టి మనిషని అందరూ అన్నారు. గట్టీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మనిషి మొద్దుబారిపోయాడు. ఏం పెడితే అది తినేవాడు. ఒకరోజు మా ఆవిడ కూరలో ఉప్పు వేయడం మర్చిపోతే, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

అక్క లైబ్రరీలో పనిచేసేది. తోటి ఉద్యోగులు అక్కడి హాల్లోనే సంతాప సభ పెట్టారు. ఆ హాల్లో లిఫ్టు బావ ఎంచిందే, పెట్టె నేను చేసిందే. అక్క ఫొటో టీవీలో వచ్చేలా నా మేనకోడలు ఏర్పాటు చేసింది. మేనకోడలంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. మాట పదును, అచ్చం వాళ్ళమ్మే.

సభ మొదలైంది. అక్క స్నేహితురాలు బటన్ నొక్కింది. మూత లేచింది. తెర మీద అక్క జుట్టు కనిపించింది, నుదురు కనిపించింది, కళ్ళు కనిపించాయి. అంతే, లిఫ్టు టక్కున ఆగి తిరిగి కిందికి దిగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కళ్ళదాకా వచ్చి దిగిపోయింది. పక్కన ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఏడుపు ఆపుకోవడానికో నవ్వు ఆపుకోవడానికో తెలియలేదు. ఏమైందంటే, పెట్టె అందంగా ఉండాలని లైబ్రరీ వాళ్ళు మూత మీదుగా పూలదండ తిప్పి, అడుగున ముడివేశారు. నైలాను తాడుకు కుట్టిన దండ. మూత కొంత లేచేసరికి అది బిగిసి అడ్డం పడుతోంది. అడ్డం తగిలితే దిగిపోయే రకాన్ని ఏరికోరి పెట్టించింది మా బావే కదా.

బావ లేచాడు. పెట్టె వెనక్కి వెళ్ళి వంగి ముడి విప్పాడు. చెక్క మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ఊ, నొక్కండి" అన్నాడు. అక్క ఈసారి పూర్తిగా పైకి వచ్చింది. హాలంతా ఒక్కసారి గొల్లుమని ఏడ్చింది. ఆయన మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. అందరం అక్కను చూస్తూ కూర్చుంటే, సభ అయ్యేదాకా ఆయన టీవీ వెనకాలే నిలబడ్డాడు. బయటికి వచ్చాక నాతో, "ఆగేటప్పుడు కుదుపు లేదురా. బాగానే ఉంది" అన్నాడు.

ఆ మాట కూతురి చెవిన పడింది. ఆ రోజు నుంచి తండ్రితో మాటలు లేవు. వేరే ఊళ్ళో ఉన్న తమ షాపు బ్రాంచికి బదిలీ అడిగి, గది చూసుకుని, ఆదివారం వెళ్ళిపోతున్నానని వచ్చి నాతో చెప్పింది.

"ఇప్పుడే ఎందుకే? ఆయన ఒక్కడే ఉండాలి కదా" అన్నాను.

"ఒక్కడే ఉన్నానని ఆయనకు తెలిస్తే కదా మామయ్యా! అమ్మ మొహం చూడలేదు ఆయన. లిఫ్టు చూసుకున్నాడు. రేపు నేను పోయినా కుదుపు వచ్చిందా లేదా అనే చూస్తాడు."

"నోరు ముయ్యి. ఏం మాటలవి?"

"కోప్పడకు మామయ్యా. పొద్దున లేస్తే ఆ ఇంట్లో మాటా పలుకూ ఉండదు. ఇంకొన్నాళ్ళుంటే నేనూ ఆయనలాగే అయిపోతానని భయంగా ఉంది. ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ ఆ గడప తొక్కను."

అన్నంత పనీ చేసే రకం అది. బావతో మాట్లాడదామని రెండుసార్లు వెళ్ళి, నీళ్ళు నమిలి వచ్చాను. ఎవరైనా తిట్టేమనిషైతే ఎదురు తిట్టొచ్చు. దేనికైనా "సరేలేరా" అనే మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ శుక్రవారం ఒక కొత్త హోటల్లో మా ఇద్దరికీ పనిబడింది. మంచం కాళ్ళ దగ్గరి పెట్టెలోంచి టీవీ లేవాలి. నమూనా గది ఒకటి సిద్ధం చేసి, రెండు రకాల లిఫ్టులు పెట్టిన రెండు పెట్టెలు పక్కపక్కనే ఉంచారు. బావ ఏది ఎంచితే అది హోటలంతా పెడతారు. ఆర్కిటెక్టమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఎలక్ట్రీషియన్ బటన్ పట్టుకున్నాడు. పరుపు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

బావ మొదటి పెట్టె వెనక్కి వెళ్ళి చెయ్యి ఆనించాడు. టీవీ లేచింది, దిగింది. రెండోదీ అంతే. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ ఇంకోసారి అన్నాడు. చెయ్యి మార్చి చూశాడు. చివరికి వంగి చెక్కకు నుదురు ఆనించాడు. ఎలక్ట్రీషియన్ నావైపు చూశాడు. నేను గది కప్పు వైపు చూశాను.

"ఏది సార్?" అంది ఆర్కిటెక్టమ్మ.

"తెలియడం లేదమ్మా" అన్నాడు బావ.

కావాలని సతాయిస్తున్నాడనుకున్నాను. ఎందుకంటే రెండోది గరగరమంటోంది. చెక్కపని చేసుకునే నాకే వినిపిస్తోంది.

"రెండూ ఒకలాగే ఉన్నాయిరా," అని నావైపు తిరిగాడు. "అసలు మోటారు తిరుగుతోందా?"

నేను ఆయన పక్కకు వెళ్ళాను. "ఎప్పట్నుంచి బావా ఇలా?"

"మీ అక్క పోయినప్పట్నుంచి. చెయ్యి పెడితే చెక్క తగులుతుంది, అంతే. ఆ రోజు లైబ్రరీలో కూడా ఏమీ తెలియలేదు. కుదుపు లేదని ఊరికే అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా."

అప్పుడు చూశాను, తలుపు దగ్గర మేనకోడలు నిలబడి ఉంది. ఇంటి తాళం బావ జేబులో ఉండిపోతే, సామాను సర్దుకోవాలని అది తీసుకోవడానికి వచ్చింది. ఎంతసేపయిందో వచ్చి. ఆర్కిటెక్టమ్మ మా మొహాలు చూసి, ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకుని మెల్లగా బయటికి నడిచింది.

"మరి ముందుకు ఎందుకు రాలేదు నాన్నా?" అంది పిల్ల. ఇన్నాళ్ళకు తండ్రితో మాట్లాడటం అదే. "దండ తీశాక వచ్చి కూర్చోవచ్చు కదా. అమ్మను చూడొచ్చు కదా."

బావ జేబులోంచి తాళం తీశాడు. ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"చూసినా ఏమీ అనిపించకపోతే?" అన్నాడు. "అందరూ ఏడుస్తున్నారు. నువ్వు ఏడుస్తున్నావు. మీ అమ్మను చూస్తూ నేను ఉత్తినే కూర్చోవాలి. వెనకాల ఉంటే చూడలేదు కాబట్టి ఏడవలేదనుకుంటారు."

అంతవరకు ఈ మనిషి మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పిల్ల వచ్చి మంచం మీద కూర్చుంది. ప్లాస్టిక్ కవరు కరకరమంది.

"నవ్వుతున్న ఫొటో కాదు నాన్నా అది" అంది. "అలాంటివి చాలా ఉన్నాయి గానీ ఏదీ అమ్మలా లేదు. నోరు తెరిచి ఎవరినో తిడుతోంది అందులో. చెయ్యి కూడా ఇలా ఎత్తి ఉంది."

"ఎవరిని?"

"ఎవరినైతే ఏం? నిన్నే అయ్యుంటుంది."

బావ తలూపాడు. నవ్వలేదు. నవ్వాలని చూశాడేమో, మొహం మాట వినలేదు.

"ఆదివారం నువ్వు వెళ్తావు కదమ్మా," అన్నాడు. "నేను వీధిలోకి వచ్చి నిలబడతాను. అప్పుడు కూడా ఏమీ అనిపించదేమోనని భయంగా ఉంది. మీ అమ్మ పోయాక నాకు తెలుస్తున్నది ఈ భయం ఒక్కటే."

తాళం కూతురి చేతిలో పెట్టాడు. అది తాళాన్నీ, ఆ చేతినీ కలిపి పట్టుకుంది. వదల్లేదు. నేను గదిలోంచి బయటికి వచ్చి, మొదటి రకమే పెట్టుకోండని ఆర్కిటెక్టమ్మకు చెప్పాను. సార్ అన్నారా అని ఆవిడ అడిగింది. ఆయన మాటగా నేనే చెప్తున్నానన్నాను.

ఆ సాయంత్రం బావ వాళ్ళింట్లో, సామాన్ల బండివాడికి ఆదివారం రావద్దని మేనకోడలు నాచేత ఫోన్ చేయించింది. మరి ఎప్పుడు రమ్మంటారని వాడు అడిగాడు. నేను దానివైపు చూశాను. అది వంటింట్లో నిలబడి, రెండు కంచాలు కడుగుతోంది.