మామగారు పాస్ చేసిన తలుపులు

ఏ వస్తువునైనా సరే నీళ్ళలో ముంచి, బుడగలు వస్తాయో రావో చూసుకుంటే తప్ప మామగారు నమ్మేవారు కాదు. నలభై ఏళ్ళు పంక్చర్ షాపు నడిపిన మనిషి. సైకిలు ట్యూబు మొదలుకొని లారీ ట్యూబు దాకా తొట్టిలో ముంచడం, బుడగ లేచిన చోట వేలు పెట్టడం, ప్యాచ్ వేసి పంపడం, ఇదే ఆయనకి తెలిసిన విద్య. షాపులో ట్యూబులకి జరిగిన మర్యాదే ఇంట్లో మిగతా సామానుకీ జరిగేది.

అల్లుడికి ఈ సంగతి పెళ్ళి రోజునే తెలిసింది. మామగారు పెట్టిన చేతి గడియారం పెట్టె మీద నీళ్ళలో పడినా చెడదని రాసి ఉంది. అతను ముచ్చటగా పెట్టుకుని చూస్తే ముల్లు కదలడం లేదు. "పొద్దున ముంచి చూశాను అల్లుడుగారూ. మూడు బుడగలొచ్చాయి," అన్నారు మామగారు శాంతంగా. "కంపెనీవాడు అబద్ధమాడాడు. నేను మాత్రం మనస్ఫూర్తిగానే పెట్టాను."

ఆ తర్వాత మనవరాలి టిఫిన్ డబ్బా మునిగింది, రెయిన్ కోటు మునిగింది, కొత్త చెప్పులు మునిగాయి. అత్తగారు తన రేడియోని బీరువాలో పెట్టి తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఫోన్లు జేబుల్లోంచి బయటికి తీసేవారు కాదు. ఇదంతా అల్లుడు నవ్వుకుంటూ భరించాడు, మామగారి తొట్టి తన వ్యాపారం మీదికి వచ్చేదాకా.

అతనిది పెయింట్లు, సిమెంటు, పైపులు అమ్మే షాపు. వీధికి ఎగువన షాపు, దాని మీదే కాపురం. అక్కణ్ణుంచి వీధి వాలుగా దిగి కాలువగట్టు దగ్గర ఆగుతుంది. ఆ దిగువనున్న పది ఇళ్ళలోకి వానాకాలంలో ఒకసారైనా నీళ్ళొస్తాయి. చిట్టచివరిది మామగారి ఇల్లే. ఆ ఏడు అల్లుడు తెలివిగా ఆలోచించి వరద పేస్టు తెప్పించాడు. డబ్బా మీద ఒక బొమ్మ. బయట నడుంలోతు నీళ్ళు, లోపల సోఫాలో ఒక కుటుంబం నవ్వుతూ కూర్చుని ఉంది. తలుపు సందుల్లో మీరే పూసుకోండి, చుక్క నీరు లోపలికి రాదు అని కింద హామీ.

మామగారు ఒక డబ్బా అడిగి పట్టుకెళ్ళారు. పెరట్లో ఇటుకలతో నడుమెత్తు తొట్టి కట్టి, దాని మధ్యలో పాత తలుపొకటి బిగించి, పేస్టు పూసి, ఆరనిచ్చి, ఒక పక్క నీళ్ళు నింపారు. వారం తర్వాత వచ్చి షాపులో స్టూలు మీద కూర్చున్నారు. పేస్టు కోసం వచ్చిన మొదటి మనిషి దిగువ వీధి టైలరమ్మ. వరద ఆగుతుందా అని ఆమె అల్లుణ్ణి అడిగితే, జవాబు స్టూలు మీద నుంచి వచ్చింది.

"ఎంత లోతు వరదమ్మా?"

"ఏమో, వచ్చినంత."

"గోడ పగుళ్ళకైతే భేషుగ్గా పనిచేస్తుంది, అదీ ఎండగా ఉన్నప్పుడు దుమ్ము దులిపి పూస్తే. తడిగోడకి పూస్తే అట్టు లేచినట్టు లేచొస్తుంది. తలుపుకైతే మడమల దాకా పాస్, మోకాళ్ళ దాకా ఫెయిల్. అయినా నువ్వు తలుపు దగ్గర కాపలా కూర్చుంటే నీళ్ళు బాత్రూం తూములోంచి వస్తాయి, వాటికేం చెబుతావు?"

టైలరమ్మ డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చిన ముగ్గురూ అంతే. సందుల్లో చిమ్మే నురుగు డబ్బా, అంటించే టేపు, తలుపు కింద కొట్టే రబ్బరు పట్టీ, అన్నిటికీ మామగారు పరీక్ష పెట్టారు, మార్కులు కస్టమర్ల ముందే చదివారు.

అల్లుడు తట్టుకోలేక కంపెనీ ప్రతినిధిని పిలిపించాడు. ఆయన మెరిసే బూట్లతో వచ్చి, ఇలాంటి పెద్దవాళ్ళని చాలామందిని చూశానని చెప్పి, స్వయంగా తలుపుకి పేస్టు పూశాడు. ఆరాక మామగారు చాలా మర్యాదగా ఆయన్ని తలుపు పొడిపక్కన నిలబెట్టి, అవతల నీళ్ళు వదిలారు. మోకాలెత్తు వచ్చేదాకా ప్రతినిధి ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు. ఆ పైన పేస్టు మీద ఒక బుడగ లేచింది, దాని పక్కన ఇంకోటి. ఆయన హామీ గురించి చెబుతుండగానే మేజోళ్ళు తడిశాయి. బూట్లు చేత్తో పట్టుకుని వెళ్తున్న మనిషిని చూసి మామగారు నొచ్చుకున్నారు. "బూట్లు మాత్రం మంచివి అల్లుడుగారూ, కుట్ల దగ్గర ఒక్క చుక్క పోలేదు," అన్నారు.

ఆ సాయంత్రం అల్లుడికి కోపం వచ్చింది. గట్టిగా అరవలేదు గానీ, దయచేసి ఇక షాపుకి రావద్దని చెప్పేశాడు. మామగారు తలూపారు. స్టూలు గోడవారగా జరిపి, మనవరాలి తల నిమిరి, వాలు దిగి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తల ఊపుడు అల్లుడికి నాలుగు రోజులు గుర్తొస్తూనే ఉంది. కానీ పిలవడానికి నోరు రాలేదు.

నెల తిరిగేసరికి భార్య ద్వారా వింత కబుర్లు రావడం మొదలయ్యాయి. నాన్న మంచినీళ్ళడిగే వంకతో వాళ్ళింటికీ వీళ్ళింటికీ వెళ్ళి గుమ్మాలు కొలుస్తున్నారట. లెక్కల మాస్టారి బాత్రూంలో దూరి తూము చుట్టుకొలత తీసుకున్నారట. పాత సైకిలు ట్యూబులు, విరిగిన బెంచీల చెక్కలు పెరట్లో గుట్టపోస్తున్నారట. పనేమీ లేక పిచ్చి ముదిరిందని అల్లుడు తేల్చేశాడు.

మూడు రోజులు ఆగకుండా కురిశాక, నాలుగో రోజు పొద్దున్నే కాలువ గట్టు మీది నుంచి పొర్లింది. అల్లుడు మిగిలిన పేస్టు డబ్బాలు సంచిలో వేసుకుని పరుగెత్తాడు. తీరా వెళ్ళేసరికి తడిసిన గోడలకి అది అతుక్కోదని, అట్టులా లేస్తుందని మామగారు చెప్పిన మాట గుర్తొచ్చి నిలబడిపోయాడు.

అప్పటికే మామగారు మూడు చక్రాల బండి తోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. బండి నిండా మోకాలికి కాస్త పైకొచ్చే చెక్క పలకలు. ప్రతి పలక అంచులకీ చుట్టూ సైకిలు ట్యూబు బిగించి ఉంది. ప్రతి పలక మీదా సుద్దతో ఒక పేరు, టైలరమ్మ, మాస్టారు, కవలల వాళ్ళమ్మ, డ్రైవరు. పలకని గుమ్మంలో నిలబెట్టి, పంపుతో గాలి కొడితే ట్యూబు ఉబ్బి, గుమ్మాన్ని నాలుగు పళ్ళతో కరిచినట్టు పట్టుకుంటోంది. తూముల్లోకి పాతగుడ్డ చుట్టిన రబ్బరు బంతి, దాని మీద ఇసుక మూట. గోడ పగుళ్ళు ఎండలున్నప్పుడే పూడ్చేసి ఉన్నాయి.

"చూస్తారేం అల్లుడుగారూ, పంపు అందుకోండి," అన్నారు మామగారు.

అల్లుడు అందుకున్నాడు. మాస్టారి ఇంటికి వచ్చేసరికి నీళ్ళు పిక్కల్లోతు, డ్రైవరు ఇంటికి మోకాళ్ళ దగ్గర. చేతులు పడిపోయేలా గాలి కొట్టాడు. మామగారు ప్రతి గుమ్మం ముందూ వంగి, నీళ్ళకి ముక్కు ఆనించి, అంచు వెంట చూసుకుంటూ వెళ్ళి, బుడగ లేదనుకున్నాకే లేచేవారు. తొమ్మిది గుమ్మాలు. టైలరమ్మ లోపలి నుంచి పలక మీదుగా తొంగి చూసి, తన కుట్టుమిషను కింద నేల పొడిగా ఉందని చెబుతూ నవ్వింది. తర్వాత అల్లుడి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"మీ రుణం ఎలా తీర్చుకోను బాబూ? ఆయన్ని మా ఇంటికి పంపింది మీరేనటగా."

అల్లుడికి అర్థం కాలేదు. మాస్టారూ అదే మాటన్నాడు. కవలల వాళ్ళమ్మ పిల్లలిద్దరినీ చంకల్లో ఎత్తుకుని మరీ అదే చెప్పింది. ప్రతి ఇంట్లోనూ మామగారు మంచినీళ్ళు తాగి, గుమ్మం కొలిచి, మా అల్లుడుగారు పంపించారు, దిగువ ఇళ్ళ గురించి ఆయనకి మహా బెంగ అని చెప్పి వచ్చారట. షాపులో తను వాళ్ళని డబ్బా కొనకుండా ఆపింది కూడా అల్లుడుగారి మాట మీదేనని చెప్పారట.

అల్లుడు చుట్టూ చూస్తే మామగారు లేరు. పదో ఇంటి వైపు పరుగెత్తాడు. ఆయన తన ఇంటి తలుపులు, ముందువీ వెనకవీ, బార్లా తెరిచి పెట్టారు. ముందుగదిలో మోకాలు దాటి నీళ్ళు. సామానంతా అటక మీద పేర్చి ఉంది, అత్తగారు మెట్ల మీద కూర్చుని ఉంది. ఈయన నీళ్ళలో నిలబడి మీసం తుడుచుకుంటున్నారు.

"మన ఇంటికి పలకేది మామయ్యా?"

"చెయ్యలేదు. గోడలు మట్టితో కట్టినవి. బయట నీళ్ళు తోస్తుంటే లోపల ఖాళీగా ఉంచితే గోడ మీద పడుతుంది. లోపలికి రానిస్తే రెండు పక్కలా సమానమై నిలబడుతుంది. అందరికంటే ముందు పరీక్ష పెట్టింది ఈ ఇంటికే అల్లుడుగారూ. తప్పింది. తొమ్మిది పాసయ్యాయిగా, బోలెడు."

మధ్యాహ్నానికి వాన వెలిసి, కాలువ తగ్గి, వీధిలోంచి నీళ్ళు తీశాయి. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ బకెట్లు, చీపుళ్ళు పట్టుకుని పదో ఇంటికి వచ్చారు. మామగారిని ఒక్క బకెట్టు కూడా ముట్టుకోనివ్వలేదు. అందరూ మళ్ళీ అల్లుణ్ణి పొగడడం మొదలుపెట్టేసరికి అతను చీపురు కింద పెట్టాడు.

"నేను పంపలేదు. షాపుకి రావద్దని చెప్పింది నేనే."

మామగారు సిగ్గుపడి అటక వైపు చూడసాగారు. టైలరమ్మ మాత్రం ఊడవడం ఆపలేదు. "మాకు తెలుసులే బాబూ. హార్డ్‌వేర్ షాపువాళ్ళు పంపిన మనిషైతే కొలత టేపు తెచ్చుకుంటాడు. ఆయన నా టేపు అడిగి తీసుకున్నారు."

వీధంతా నవ్వింది. అల్లుడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఇల్లు ఆరేదాకా మామగారూ అత్తగారూ పైన తమతోనే ఉండాలని, పొద్దున లేచింది మొదలు షాపులోనే కూర్చోవాలని ఆర్డరు వేశాడు. నడిచి వస్తానంటే వినలేదు. ఇద్దరినీ మూడు చక్రాల బండి మీద కూర్చోబెట్టి తనే నెట్టాడు. వెనక డ్రైవరు, మాస్టారు చేతులు వేశారు. కవలలు ముందు పరుగెత్తారు. బండి వాలు ఎక్కుతుంటే మేడల మీద నుంచి జనం చప్పట్లు కొట్టారు.

అల్లుడు ఆయాసపడుతూనే, ఎదురైన ప్రతివాళ్ళనీ ఆపి, "మా మామగారు," అని పరిచయం చేశాడు, నలభై ఏళ్ళుగా ఆయన దగ్గర పంక్చర్లు వేయించుకున్నవాళ్ళకి కూడా.