సొట్ట పడిన తెల్ల కారు

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారన్న కబురు మొదట పెట్టింది, ఆవిడను సౌదీలో మా అల్ ఖోబర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేసిన మనిషే. "మన ప్రియమైన మేడమ్ ఇక లేరు" అని రాసి, కింద దండాల బొమ్మలు పెట్టింది. ఇక చూడండి, ఓం శాంతి మీద ఓం శాంతి. మాల్‌లో ఆవిడ ఎదురైతే పక్క వరసలోకి తప్పుకున్నవాళ్లు, పుట్టినరోజుకు బిల్డింగంతా పిలిచి ఆవిడ గుమ్మం ఒక్కటీ వదిలేసినవాళ్లు, అందరూ ఆ పొద్దున ఏడ్చేశారు. ఫోన్లో ఏడవడానికి కళ్లు తడవక్కర్లేదు కదా.

వంటింట్లో టీ పెట్టుకుంటూ పడిపోయారు. అంబులెన్స్ వచ్చేలోపే గుండె ఆగిపోయింది. ఇది ఆసుపత్రివాళ్లు చెప్పిన మాట. మధ్యాహ్నానికల్లా మనవాళ్లు ఇంకో మాట పుట్టించారు. "నిజంగా గుండెపోటేనంటావా?" కొడుకు తన ప్రాణం తనే తీసుకుంటే యాక్సిడెంట్ అని కప్పెట్టాలని చూసింది ఈ నోళ్లే. తల్లి మామూలుగా పోతే, మామూలుగా పోలేదేమోనని గుసగుసలాడిందీ ఈ నోళ్లే. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

మీరు ఆవిడను ఎరగరు. పొట్టి మనిషి, తెనాలి మనిషి. నోరు మంచిది కాదు. మా స్కూలు ఆడపిల్లల సెక్షన్‌లో పదకొండు, పన్నెండు తరగతులకు కెమిస్ట్రీ చెప్పేవారు. ల్యాబ్‌లో గాజు గొట్టం పగిలిన చప్పుడు వింటే చాలు, "ఎవత్తే అది? చెయ్యి చూపించు" అని వచ్చేవారు. వేళ్లు తిప్పి తిప్పి చూసి, తెగలేదని తేలాక అప్పుడు తిట్లు మొదలు. ఆ తిట్లకు మాత్రం మూడు గదుల అవతలివాళ్లు కూడా తల వంచుకునేవారు.

కొత్త తరగతికి వచ్చిన మొదటి రోజు ఆవిడ పాఠం చెప్పరు. బోర్డు మీద తన ఫోన్ నంబర్ పెద్ద పెద్ద అంకెలతో రాస్తారు.

"ఇది పరీక్షకు రాదు. అయినా కంఠతా పట్టండి. ఇంటికి వెళ్లాలని లేనప్పుడు, బతకాలని లేనప్పుడు ఈ నంబర్‌కి చెయ్యండి. ఎందుకని అడగను. ఎక్కడని అడుగుతాను. ఎందుకు అంటే పిల్లలు లాయర్లైపోతారు. ఎక్కడ అంటే అడ్రస్ చెప్తారు."

మేం మొహమొహాలు చూసుకుని కిసుక్కున నవ్వాం. ఆవిడ కూడా నవ్వి, బోర్డు తుడిచేసి, ఇప్పుడు చెప్పండి అని ఒక్కొక్కరి చేత ఆ నంబర్ అప్పజెప్పించుకున్నారు.

ఆవిడ కొడుకు సంగతి మాకు ఆవిడే చెప్పారు. పన్నెండో తరగతిలో ఉండగా, ఒక సాయంత్రం ట్యూషన్ సెంటర్ బయట నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, వచ్చి తీసుకెళ్లు" అన్నాడు. గొంతు బాగాలేదు. అప్పటికి ఈ దేశంలో ఆడవాళ్లు కారు నడపకూడదు. ఇంటి ముందు కారుంది, తాళాలు గోడకు వేలాడుతున్నాయి, ఆవిడ భర్తకు ఫోన్ చేశారు. అంకుల్ పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ఇంజనీరు. మీటింగ్‌లో ఉన్నారు. "అరగంట ఆగు, వచ్చేస్తా" అన్నారు. ఆవిడ ఒంటి మీద నల్ల అబాయా వేసుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఆగిన ట్యాక్సీ రద్దీలో ఇరుక్కుంది. చేరేసరికి పిల్లవాడు అక్కడ లేడు. వాడు దొరికేసరికి ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు.

"మార్కులవల్ల అని అందరూ అంటారు. కాదే. మార్కులు వాడి ఆఖరి మాట. అంతకుముందు ఏడాదిగా వాడు ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు. అన్నం వదిలేసి చెప్పాడు, తలుపేసుకుని చెప్పాడు. మేం వయసు అనుకున్నాం."

పరామర్శకు వచ్చినవాళ్లు యాక్సిడెంట్ అన్న మాట ఆవిడ నోట్లో పెట్టాలని చూశారు. పోలీసులంటారు, కంపెనీ పరువంటారు, ఇకామాకు, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌కు ఇబ్బంది అంటారు. ఆవిడ ఒప్పుకోలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉన్నమాటే చెప్పారు. అప్పటినుంచే జనం తప్పుకోవడం మొదలుపెట్టారు. "కన్నకొడుకును కాపాడుకోలేనిది మన పిల్లల్ని ఉద్ధరిస్తుందట" అని మా బిల్డింగ్ లిఫ్ట్‌లోనే విన్నాను. అన్నది రోజూ పూజ చేసే ఆంటీ.

ఆడవాళ్లకు లైసెన్సులు ఇస్తారని తెలిసిన వెంటనే మేడమ్ దమ్మామ్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరారు. పక్కన కూర్చున్న సౌదీ అమ్మాయి "షువై, షువై" అని అరుస్తుంటే, మెల్లగా పొమ్మంటోందని తెలిసీ యాక్సిలరేటర్ తొక్కేవారట. పార్కింగ్ పరీక్ష తప్పారు. మళ్లీ తప్పారు. "యాభై దాటాక స్టీరింగ్ అవసరమా?" అని మనవాళ్లు ఇకిలించారు. లైసెన్స్ వచ్చింది, తెల్ల కారు వచ్చింది, వచ్చిన వారంలోనే సెల్లార్ స్తంభానికి గుద్ది ముందు బంపర్ సొట్ట చేసేశారు. బాగుచేయించమంటే వినలేదు.

"ఈ దేశంలో అన్నీ తెల్ల కార్లే. సొట్ట ఉంటే పిల్లలు దూరం నుంచే గుర్తుపడతారు" అనేవారు.

అలా గుర్తుపట్టినవాళ్లలో నేనొకదాన్ని.

ప్రీ బోర్డ్ మార్కులు ఇచ్చిన రోజు స్కూలు బస్సు దిగి, లిఫ్ట్ దాకా వెళ్లి, వెనక్కి వచ్చేశాను. మార్కులు ఒక్కటే కాదు. నెలల తరబడి నిద్ర లేదు, తిండి సయించదు, నేను లేకపోతే అందరికీ హాయి అన్న మాటే తలలో తిరుగుతుండేది. మా ఇంట్లో దానికి పేరు "ఫోన్ ఎక్కువైంది". వీధి చివర బకాలా, అదే కిరాణా కొట్టు, మెట్టు మీద కూర్చుని, కంఠతా వచ్చిన నంబర్ నొక్కాను.

"ఎక్కడున్నావే?"

"బకాలా దగ్గర, మేడమ్."

"ఏ బకాలా తల్లీ? ఈ ఊళ్లో మనుషులకంటే బకాలాలే ఎక్కువ. పక్కన ఏముందో చెప్పు."

"లాండ్రీ. ఎదురుగా చిన్న మసీదు."

"ఎండలో కూర్చోకు. కొట్లోకెళ్లి ఫ్రిజ్ పక్కన నిలబడు. ఫోన్ పెట్టెయ్యకు."

వచ్చేదాకా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ముందు పోతున్న ట్రక్కువాడిని, అడ్డమొచ్చిన కుర్రకారును, ఎర్ర లైటును వరసపెట్టి తిడుతూ వచ్చారు. ఆ తిట్లు వింటూ నేను పెరుగు డబ్బాల పక్కన నిలబడ్డాను. కారు వచ్చి ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. నేను ఏదో చెప్పబోయి భోరుమన్నాను.

"ముందు కారెక్కు. తర్వాత ఏడువు."

ఎక్కాను. డాష్‌బోర్డ్ మీద టిష్యూల డబ్బా, పక్కన ఖర్జూరాలు. సీటు ముందుకు లాక్కుని, గెడ్డం స్టీరింగ్‌కు ఆనేంత దగ్గరగా కూర్చుని, నావైపు చూడకుండా అడిగారు.

"చచ్చిపోవాలని ఉందా?"

టిఫిన్ తిన్నావా అన్నంత మామూలుగా అడిగారు. ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. "ఉంది" అన్నాను. ఇంకా ఒకటి రెండు అడిగారు, అవి ఇక్కడ రాయను. అన్నిటికీ నిజమే చెప్పాను. పిల్లలకు లేని ఆలోచన ఎక్కిస్తోందని తర్వాత ఆవిడ మీద ఫిర్యాదులు వెళ్లాయి. నాకు ఆవిడ ఎక్కించలేదు. అది అప్పటికే ఉంది. ఆవిడ అడిగాక, మొదటిసారి నేను దానితో ఒంటరిగా లేను.

తిన్నగా మా ఇంటికే తీసుకెళ్లారు. మా వాళ్లది జగిత్యాల. నాన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశారు మేడమ్.

అమ్మ ముందు తలుపేసింది. "మెల్లగ మాట్లాడుండ్రి మేడమ్. బయట తెలిస్తె రేపు పిల్లకు సంబంధాలొస్తయా?"

"బతికుంటే వస్తాయండీ" అన్నారు మేడమ్.

నాన్న లేచాడు. "చదువుడు చాతగాక నాటకాలు ఇవన్ని. ఒక్కటి పీకితె సక్కగైతది."

"పీకండి. మేమూ అలాగే అనుకున్నాం. మా వాడి మంచం ఖాళీగానే ఉంది. ఒకసారి వచ్చి చూసి, అప్పుడు పీకండి."

కూతురి ముందు ఒక తండ్రితో అనే మాట కాదది. క్రూరమైన మాట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న లోపలి గదిలోకి వెళ్లాడు. వెళ్లిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి చొక్కా మార్చుకుని వచ్చి, "ఏ డాక్టర్ దగ్గరికి పోవాలె?" అన్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి, నాన్నకు డ్యూటీ ఉన్న ప్రతిసారీ నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి ఆ తెల్ల కారే తీసుకెళ్లింది. మందులు వేసుకున్నాను, మాట్లాడాను, మెల్లగా నిద్రపట్టింది. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజులను "నీకు జరమొచ్చినప్పుడు" అంటుంది. అననీ. నేను ఉన్నాను కాబట్టే అనగలుగుతోంది.

ఆ ప్రయాణాల్లో ఒకసారి అంకుల్ గురించి అడిగాను. "ఆయన్ని నేను క్షమించలేదు. ఆయన అడగనూ లేదు. ఇద్దరం కలిసే భోంచేస్తాం" అన్నారు మేడమ్. ప్రతి శుక్రవారం అంకుల్ సెల్లార్‌లో ఆ కారు మీది ఇసుక తుడిచేవారు, అద్దాలు రుద్దేవారు. ఆయన అది ఎక్కడం మాత్రం ఎవరూ చూడలేదు.

స్కూలు ఏం చేసిందో కూడా చెప్పాలి. "మీరు కెమిస్ట్రీ చెప్పండి మేడమ్, చాలు. కౌన్సెలింగ్‌కి కౌన్సెలర్ ఉన్నారు" అన్నారు. ఆ కౌన్సెలర్ వారానికోసారి వచ్చేవారు. ఆవిడను ఆటసామాన్ల గదిలో వాలీబాల్ వలల మధ్య కూర్చోబెట్టారు. బయట బోర్డు లేదు, ఉంటే తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని. మరుసటేడు మేడమ్ కాంట్రాక్ట్ పొడిగించలేదు. పిల్లలకు రిటైరయ్యారని చెప్పారు. ఇక వాట్సాప్ గ్రూపు సంగతి. ఫలితాల రోజు అందరూ పిల్లల మార్కులు, కేకులు పెడుతుంటే ఆవిడ ఒక్క ప్రశ్న పెట్టారు: "తక్కువ వచ్చిన పిల్లల పక్కన ఇవాళ ఎవరు కూర్చున్నారు?" నెగెటివ్ మాటలంటూ ఆవిడనే గ్రూపులోంచి తీసేశారు. కానీ ఆ నంబర్‌ను ఎవరూ తీసేయలేకపోయారు. ఒక బ్యాచ్ పిల్లలు ఇంకో బ్యాచ్‌కు చెప్పుకుంటూ పోయారు.

చదువు పూర్తయి నేను మళ్లీ ఖోబర్‌కే వచ్చి ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మేడమ్‌ను ఊరికి పంపే కాగితాల కోసం ఎదురుచూస్తున్న ఒక మధ్యాహ్నం వాళ్లింట్లో ఉన్నాను. హాలు నిండా జనం, పేపర్ కప్పుల్లో టీ. అంకుల్ మూలన మేడమ్ ఫోన్ పట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతి కాల్‌కూ "అవునండీ, వంటింట్లోనే అండీ" అని అదే జవాబు చెప్తున్నారు.

మళ్లీ మోగింది. "హలో" అన్నారు. అవతల సన్నటి గొంతు, మేడమ్ ఉన్నారా అని. నాకూ వినిపించింది. అంకుల్ లేరని చెప్పేస్తారేమోనని ఫోన్ అందుకోబోయాను.

"ఎక్కడున్నావమ్మా?" అన్నారు.

గోడకున్న తాళాలు తీసుకుని లేచారు. పూజ చేసే ఆంటీ అడ్డమొచ్చింది. "ఇంతమంది కూర్చుని ఉంటే ఎక్కడికి అన్నయ్యగారూ? ఎవరో ఏమిటో. ఒక అరగంట ఆగి వెళ్లండి."

అంకుల్ ఆవిడ మొహంలోకి చూశారు.

"అరగంట ఆగనమ్మా" అన్నారు.

పరాయి మగమనిషిని చూసి పిల్ల బెదురుతుందని నేనూ వెంట పరిగెత్తాను. సీటు మేడమ్ ఎలా జరుపుకున్నారో అలాగే ఉంది. పొడుగు మనిషి, అందులోనే ఇరుక్కుని కూర్చున్నారు. మలుపు తిరిగినప్పుడల్లా మోకాళ్లు స్టీరింగ్‌కు కొట్టుకుంటున్నాయి. వెనక్కి జరుపుకోండి అంకుల్ అన్నాను. వినిపించుకోలేదు.

స్కూలు వెనక గేటుకు ఎదురుగా బేకరీ ముందు ఆ పిల్ల నిలబడి ఉంది, బ్యాగు గుండెలకు హత్తుకుని. అంకుల్ కారాపి అద్దం దించారు. ఆ పిల్ల ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. బంపర్ మీది సొట్ట చూసింది. వచ్చి కారెక్కి, తలుపు వేసుకుని, అప్పుడు ఏడ్చింది.