బాగున్న కన్ను మూసుకో

నా చిన్నప్పుడు మా పేటలో కళ్ళకలక వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ ఒకటే గిన్నె, ఒకటే తువ్వాలు. అమలాపురం దగ్గర కాలవగట్టు మీద ఇల్లు మాది. మా నాయనమ్మ రాత్రి నందివర్ధనం పూలు నీళ్ళలో వేసి ఉంచి, తెల్లవారగానే అందరినీ వరసగా కూర్చోబెట్టి ఆ నీళ్ళతోనే కళ్ళు కడిగేది. కలక ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని మమ్మల్ని తల వంచుకుని తిరగమనేది. తువ్వాలు మాత్రం ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి హాయిగా తిరిగేది. తుడుచుకోవడానికి లేని భయం చూడడానికి ఉండేది, ఏం చెప్పమంటారు!

ఆ ఏడు నాకూ, చెల్లికీ, అమ్మకీ కలకలు వచ్చాయి. పొద్దున్నే రెప్పలు పుసి కట్టి అతుక్కుపోయేవి. కడుక్కుంటే మళ్ళీ అన్నీ తేటగానే కనిపించేవి. అదే వారంలో మా నాన్న ఎడమ కన్ను ఎర్రబడింది. నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కి గెల నరుకుతుంటే కంట్లో పుల్లో, పొట్టో పడిందని చెప్పాడు కూడా. ఎవరూ చెవిన పెట్టలేదు. పేటంతా కలకలైతే ఈయనది మాత్రం వేరే ఎందుకవుతుందని అదే గిన్నె, అదే తువ్వాలు. అది చాలదన్నట్టు పక్కింటి బాలింతని బతిమాలి చనుబాలు కూడా పోయించారు.

మా కళ్ళు తగ్గాయి. నాన్న కన్ను తగ్గలేదు. ఆయనకి పుసి లేదు, ఒకటే నొప్పి. తలుపు తీస్తే వెలుగు భరించలేక గోడవైపు తిరిగిపోయేవాడు. అంతెత్తు చెట్లెక్కే మనిషి మంచం మీద ముడుచుకుని మూలుగుతుంటే, గుమ్మంలో నిలబడి చూడడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. నాకు చాలా భయమేసింది.

ఒక సాయంత్రం పాస్టరమ్మగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. ప్రార్థన అయ్యాక వెంటనే లేవలేదు. చూపెలా ఉందని నాన్నని అడిగారు. బాగానే ఉందండీ అన్నాడు నాన్న. ఆవిడ నన్ను సైగ చేసి పిలిచి, మంచం ఎదురుగా నిలబెట్టి, మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించారు.

“తమ్ముడూ, బాగున్న కన్ను అరచేత్తో మూసుకో. నీ ముందు ఎవరున్నారో చెప్పు.”

నాన్న మూసుకుని తల కాస్త ముందుకు వంచాడు. నాకూ చెల్లికీ ఒకే తానులో కుట్టించిన గౌన్లు.

“మా చిన్నదండీ,” అన్నాడు.

చెల్లి పెరట్లో ఉంది. నేను నాన్నా, పెద్దదాన్ని అనబోయాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పాస్టరమ్మగారి తండ్రికీ ఇలాగే కలకనుకుని ఊరుకుంటే కన్ను పోయిందట. కలకైతే పుసి కడిగాక చూపు తేటగా ఉంటుందనీ, నొప్పి పెట్టి, వెలుగు చూడలేక, చూపు మసకబారితే అది కలక కాదనీ, ఒక్క పూట కూడా ఆగకూడదనీ ఆవిడ అమ్మకి చెప్పారు. ఆవిడే బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్ళారు. నల్లగుడ్డు మీద పుండు పడిందనీ, ఇంకా ముందు రావలసిందనీ డాక్టరుగారన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. నొప్పి పోయింది, తెల్లటి మచ్చ మిగిలింది, చూపు రాలేదు. ఒంటికన్నుతో గెల ఎంత దూరంలో ఉందో అంచనా అందక నాన్న మళ్ళీ చెట్టెక్కలేదు. కింద కూర్చుని, వేరేవాళ్ళు దింపిన కాయలు వలిచేవాడు.

ఇప్పుడు మనవలకి కళ్ళెర్రబడితే ఎవరి తువ్వాలు వాళ్ళకే ఇస్తాను. ఒక్కో కన్నూ మూయించి, నోరు మెదపకుండా ఎదురుగా నిలబడతాను. నువ్వే కదా నానమ్మా అని నవ్వుతారు వెధవలు. ఆ మాట వినేదాకా నాకు ఊపిరాడదు.

ఎడమవైపు నుంచి ఎవరైనా వస్తే నాన్న ఉలిక్కిపడేవాడు. అందుకని నేను ముందే ఒక దగ్గు దగ్గి వెళ్ళేదాన్ని. రా పెద్దదానా అనేవాడు, మళ్ళీ ఎప్పుడూ పొరబడలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరి దగ్గరికైనా ఎడమవైపు నుంచి వెళ్ళాలంటే నాకు ముందు దగ్గొస్తుంది.